బీరువా దాకా వచ్చిన పుస్తకం

పోయిన ఆగస్టులో ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. బడి పేరు, మండలం పేరు చెప్పను. తిరుపతి బస్టాండులో ఎక్కితే గంటన్నర, దిగాక ఆటోలో ఇంకో మూడు కిలోమీటర్లు. మామిడి తోటల మధ్య రెండు గదులు, ఒక వరండా, పక్కన వంటగది. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఇద్దరు టీచర్లు. హెడ్మాస్టరు గారు మండల కేంద్రంలో మీటింగుకు పోయారు. రెండో టీచరు, చిన్న వయసు అమ్మాయి, పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పిస్తోంది.

"ఒకటి, రెండు తరగతులకు బొమ్మల కథల పుస్తకాలు వచ్చాయి కదమ్మా, ఒకసారి చూపిస్తావా?" అని అడిగాను.

"ఉండాయి మేడమ్. భద్రంగా ఉండాయి" అంది.

నిజంగానే భద్రంగా ఉన్నాయి. రెండో గదిలో, బియ్యం మూటల వెనక, ఇనప బీరువాలో. తాళంచెవి హెడ్మాస్టరు గారి జేబులో. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక ఆయన వచ్చి తీశారు. రెండో అరలో మూడు కట్టలు. చుట్టూ బిగించిన ప్లాస్టిక్ పట్టీ తెంచనే లేదు. పక్కనే స్టాక్ రిజిస్టరు. అందులో అంతకుముందు డిసెంబరు తేదీతో ఒక వరస: "కథల పుస్తకాలు, 45, మంచి స్థితిలో అందినవి." కింద సంతకం, స్టాంపు. అంటే ఎనిమిది నెలలు.

పెన్సిళ్లు చెక్కే బ్లేడుతో పట్టీ కోశాం. చెమ్మకు పైనున్న రెండు పుస్తకాల అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తుంటే ఆకుపచ్చ రంగు కొంచెం లేచి వచ్చింది. అప్పటికే గుమ్మం దగ్గర పదిమంది పిలకాయలు చేరారు. ముందున్న రెండో తరగతి అబ్బోడికి ఒక పుస్తకం అందించాను. వాడు తీసుకునే ముందు రెండు చేతులూ నిక్కరుకు తుడుచుకున్నాడు.

మొదటి పేజీలో ఒక చెరువు, గట్టు మీద కప్ప. కింద ఒకే వాక్యం. వాడు వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. "క... ప... కప..." అని ఆగాడు. 'ప' కింద ఉన్న వత్తు కనపడింది గానీ దాన్ని ఏం చేయాలో తోచలేదు. బొమ్మ వైపు చూశాడు. మళ్లీ అక్షరం వైపు చూశాడు. "కప్ప!" అని అరిచాడు. రెండో పేజీలో ఆ మాట మళ్లీ వచ్చినప్పుడు బొమ్మ వైపు చూడకుండానే చదివేశాడు.

నేను ఇరవై తొమ్మిదేళ్లు ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. వత్తులు నేర్పడానికి నల్లబల్ల మీద ఎంత సుద్ద అరగదీశానో నాకే తెలుసు. ఆ పుస్తకం వచ్చిన డిసెంబరులోనే వాడి చేతికి అంది ఉంటే, వాడప్పుడు ఒకటో తరగతి. ఆ వత్తు వాడికి ఎప్పుడో లొంగి ఉండేది. ఇంకెన్నో వత్తులు కూడా.

కాగితం మీద మాత్రం ఆ బడికి పుస్తకాలు నూటికి నూరు శాతం చేరాయి. మండలం లెక్కలో చేరాయి, జిల్లా లెక్కలో చేరాయి. ఎవరూ అబద్ధం రాయలేదు. నా బాధంతా ఆ "చేరాయి" అన్న మాటతోనే. ఎక్కడిదాకా చేరితే చేరినట్టు? గోడౌను దాకానా, బీరువా దాకానా, పిల్లవాడి వేలి దాకానా? మన తనిఖీ బీరువా దగ్గర ఆగిపోతోంది. అది పిల్లవాడి దగ్గర మొదలై, అక్కడ పుస్తకం కనిపించకపోతేనే బీరువా వైపు, ఆ తర్వాత మండలం వైపు వెనక్కి నడవాలని నేను అంటాను. ఈ వ్యాసం రాయడం అందుకే.

ఆ హెడ్మాస్టరు గారి మీద నాకు కోపం లేదు. ఆ తాళం నేనూ వేశాను. నేను ఉద్యోగంలో చేరింది 1990ల మొదట్లో. ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పెట్టెలు బడుల్లో ఉన్న రోజులు. కేంద్ర ప్రభుత్వం 1987లో మొదలుపెట్టిన పథకం అది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలన్నది దాని ఉద్దేశం. మా బడికి వచ్చిన పెట్టెలో గ్లోబు, పటాలు, సైన్సు కిట్టు, కొన్ని కథల పుస్తకాలు ఉండేవి. చార్జి అప్పగిస్తూ పాత హెడ్మాస్టరు నాకు చెప్పింది ఒక్కటే మాట: "ఏది పోయినా నీ జీతంలో రికవరీ పెడతారమ్మా, జాగ్రత్త." ఆ పెట్టె ఏడాదికి రెండుసార్లు తెరిచేదాన్ని. ఆగస్టు పదిహేనుకు ఒకసారి, ఇన్‌స్పెక్షన్‌కు ఒకసారి. అప్పుడు నా దగ్గర చదివిన పిల్లలకు ఇప్పుడు నలభై దాటాయి. ఒకామె మొన్న అలిపిరి దగ్గర నన్ను గుర్తుపట్టి, నడిరోడ్డు మీద వంగి కాళ్లకు దండం పెట్టింది. తన కూతురు ఒకటో తరగతిలో చేరిన సంగతి చెప్పింది. నాకు ఆ పెట్టె గుర్తొచ్చి గొంతు పెగల్లేదు.

పుస్తకం చిరిగితే టీచరు సంజాయిషీ రాయాలి. పుస్తకం తెరవకపోతే అడిగేవాళ్లు లేరు. ఈ పద్ధతి ఉన్నంతకాలం మంచి టీచరు కూడా తాళమే వేస్తారు. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకునేదాన్ని. పడమటి ఆఫ్రికాలో సియెర్రా లియోన్ దేశం మీద 2014లో వచ్చిన ఒక పరిశోధన గురించి చదివాక ఆ అభిప్రాయం మారింది. అక్కడ ప్రభుత్వం బడులకు పాఠ్యపుస్తకాలు పంపింది. పుస్తకాలు బడికి చేరాయి, పిల్లల చదువులో మాత్రం తేడా రాలేదు. కారణం వెతికితే, చాలా బడుల్లో వాటిని పిల్లలకు పంచకుండా దాచిపెట్టారని తేలింది. వచ్చే ఏడు మళ్లీ వస్తాయో రావోనని, ఉన్నవి జాగ్రత్త చేసుకున్నారు. వేల మైళ్ల దూరంలో ఎవరో హెడ్మాస్టరు చేసిన ఆలోచన, 1990ల్లో నేను చేసిన ఆలోచన ఒక్కటే.

చేరిన పుస్తకం ఏ భాషదన్నది కూడా చూడాలి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు రెండు వైపులా వేరే రాష్ట్రాలు. నగరి, సత్యవేడు వైపు తమిళ మీడియం బడులున్నాయి. కుప్పం, వి.కోట వైపు చాలామంది పిల్లలకు ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష, బడిలో మరొకటి. కొన్నేళ్ల కిందట ఒక తెలుగు బడిలో తమిళ పుస్తకాల కట్ట చూశాను. బండికి ఎత్తేటప్పుడు ఎక్కడో కట్టలు మారిపోయాయి. అక్కడి సారు ఫోన్ చేసి చెప్పారట. "ఉండనీండి సార్, ఇంకో బండి వచ్చినప్పుడు మారుస్తాం" అన్నారట. ఆ బండి రాలేదు. ఆ కట్ట అందుకోవాల్సిన తమిళ బడి ఏదో, అక్కడి పిల్లలు ఆ ఏడాది ఏం చదివారో నేను కనుక్కోలేకపోయాను. రిజిస్టరులో ఎన్ని పుస్తకాలన్నదే రాస్తారు, ఏ భాషవన్నది రాయరు. కాబట్టి లెక్క సరిపోయింది.

పాఠ్యపుస్తకాలు అందుతున్నాయి కదా, ఈ చిన్న చిన్న కథల పుస్తకాల కోసం ఇంత గోల ఎందుకని ఒక మిత్రుడు అడిగారు. మన రాష్ట్రంలో 2020 నుంచి పాఠ్యపుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తోంది, ఇంకేం కావాలని ఆయన ప్రశ్న. ఒకటో తరగతి గదిలో కొంతకాలం కూర్చున్నవాళ్లకు దీని జవాబు తెలుసు. పాఠం పది రోజులు అందరితో కలిసి అరిస్తే కంఠతా వచ్చేస్తుంది. ఆ తర్వాత పిల్ల పుస్తకం తెరిచి గడగడా చదువుతుంది, తల్లిదండ్రులు మురిసిపోతారు. దగ్గరికెళ్లి చూస్తే వేలు ఒక చోట ఉంటుంది, నోరు ఇంకో చోట ఉంటుంది. ఆ పిల్లకు చదవడం వచ్చిందా రాలేదా తెలియాలంటే ఎప్పుడూ వినని వాక్యం ముందు పెట్టాలి. పైగా మన లిపి సంగతి వేరు. అచ్చులు, హల్లులు అయ్యాక గుణింతాలు, ఆ తర్వాత వత్తులు, అన్నీ కలిపితే కంటికి అలవాటు కావాల్సిన రూపాలు కొన్ని వందలు. ఒక్క వాచకంలో ఒక్కో రూపం ఎన్నిసార్లు ఎదురవుతుంది? తడవ తడవకూ కొత్త కథలో ఎదురైతేనే కన్ను పట్టుకుంటుంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే, ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలనీ, అందులో కథల పుస్తకాలు కూడా ఉండాలనీ రాసి ఉంది. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న.

అయితే కథల పుస్తకం కూడా పిల్లల స్థాయిలో ఉండాలి. కెన్యాలో బడులకు పాఠ్యపుస్తకాలిచ్చి చూసిన ఒక పరిశోధన 2009లో అచ్చయింది. అంతకుముందే బాగా చదివే పిల్లలకు తప్ప మిగతావాళ్లకు వాటివల్ల ఒరిగింది లేదని తేల్చారు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకు అవి కొరుకుడు పడలేదు.

ఇక టీచరు చేతికి రావాల్సింది. దీని గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను. వర్క్‌బుక్కుతో పాటు టీచరుకు ఒక కరదీపిక వస్తుంది. ఏ వారం ఏ అక్షరాలు, ఏ కథ ఎలా చెప్పాలి, వెనకబడిన పిల్లలతో ఏం చేయించాలి, అన్నీ అందులో ఉంటాయి. చిన్న బడికి ఒక్క కాపీయే వస్తుంది. శిక్షణకు ఎవరు పోతే వాళ్ల చేతికిస్తారు. వాళ్లు దాని మీద పేరు రాసుకుంటారు, మార్జిన్లలో నోట్సు రాసుకుంటారు. తర్వాత బదిలీల్లో వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకుని తీసుకుపోతారు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. తాను శ్రద్ధగా వాడుకున్న పుస్తకాన్ని ఏ టీచరు వదిలిపెడుతుంది? కానీ ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి వర్క్‌బుక్కులు మిగులుతాయి, వాటిని ఎలా వాడాలో చెప్పేది మిగలదు. నేను చూసిన ఆ బడిలో జరిగింది సరిగ్గా అదే. ఆ అమ్మాయి రెండు నెలల కిందటే అక్కడికి వచ్చింది. వర్క్‌బుక్కు పేజీల మూలన ఉన్న చిన్న గుర్తులకు అర్థమేమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. బీరువాలో కట్టలున్నాయని తెలుసు గానీ, వాటిని తెరవమని అడిగే చనువు ఇంకా లేదు. తనకు తెలిసిన ఎక్కాలు చెప్పిస్తూ కూర్చుంది. "మేడమ్, నాకు ఆ పుస్తకం ఇస్తే రాత్రంతా కూర్చుని చదువుకుంటా" అంది నాతో. ఆ మాటలో ఎంత నిజాయితీ ఉందో!

నిపుణ్ భారత్ పథకాన్ని కేంద్రం 2021 జూలై 5న మొదలుపెట్టింది. 2026-27 కల్లా దేశంలో ప్రతి పిల్లా మూడో తరగతి దాటేలోపు చదవడం, లెక్క చేయడం నేర్చుకోవాలన్నది లక్ష్యం. మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు, అర్థం చేసుకుంటూ చదవాలి. గడువు నెత్తిమీదికి వచ్చింది. "కప" దగ్గర ఆగిపోయిన పిల్లవాడి ముందు ఆ 60 పెట్టి చూడండి.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు సంగతి గమనించండి. ఎంతమంది వచ్చారు, ఎన్ని గుడ్లు ఉడికాయి, ఎంతమంది తిన్నారు, ఏ రోజుకారోజు లెక్క ఉంటుంది. గుడ్డు పిల్లవాడి కడుపులోకి పోయిందా అని చూస్తాం గానీ, బియ్యం మూటల పక్కన భద్రంగా ఉందా అని చూసి తిరిగిరాం. పుస్తకానికీ ఆ లెక్కే ఉండాలని అడుగుతున్నాను.

అలాగని ఇంకో యాప్ తెమ్మని నేను అడగను. చేతులు జోడించి చెబుతున్నాను, తేవద్దు. హాజరు ఫోటో, భోజనం ఫోటో, మరుగుదొడ్డి ఫోటో, వీటితోనే మా టీచర్లకు పొద్దు గడిచిపోయిన ఏళ్లు చూశాను. సిగ్నల్ లేక ఫోన్ పట్టుకుని మిద్దెక్కిన వాళ్లను చూశాను. పుస్తకాల కట్టను ఫోటో తీసి పంపమంటే తీసి పంపుతారు, మళ్లీ బీరువాలో పెడతారు.

మనుషులు వెళ్లి చూడాలి. ఫిలిప్పీన్స్‌లో 2003లో టెక్స్ట్‌బుక్ కౌంట్ అని ఒక పని మొదలుపెట్టారు. ప్రభుత్వమూ, పౌర సంఘాలూ కలిసి చేసిన పని. ఏ రోజు ఏ బడికి ఎన్ని పుస్తకాలు వస్తాయో ముందే చెప్పేవారు. ఆ రోజు స్కౌట్స్ పిల్లలు, ఊళ్లోని తల్లిదండ్రులు బడి దగ్గర నిలబడి కట్టలు విప్పి, పేజీలు తిప్పి చూసి లెక్కపెట్టేవారు. మనకూ ఇది కొత్తేమీ కాదు. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మొదలైంది పక్కనే ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ పనుల మస్టర్లను ఊరి మధ్యలో నిలబడి పేరు పేరునా చదివి, "నీకు డబ్బు అందిందా?" అని అడిగే సామాజిక తనిఖీని ప్రభుత్వ వ్యవస్థగా నడిపి దేశానికి చూపించిన రాష్ట్రం మనది. కూలీ డబ్బుకు చేయగలిగిన పని కథల పుస్తకానికి ఎందుకు చేయలేం?

రిటైరైన టీచర్లం నలుగురం మాకు చేతనైనంత మేరకు చేస్తున్నాం. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారి అనుమతి తీసుకుని వెళతాం. బడులు తెరిచేది జూన్ 12న. మామిడి కోతల్లో అమ్మానాన్నలతో పోయే పిల్లలుంటారు గనక, జూలై మూడో వారం దాకా ఆగుతాం. బడికి పోగానే స్టాక్ రిజిస్టరు అడగం, హాజరు పట్టీ అడుగుతాం. రెండో తరగతిలో కళ్లు మూసుకుని ఐదు పేర్ల మీద పెన్ను పెడతాం. "నీ పుస్తకం తెచ్చుకో నాయనా" అంటాం. తెచ్చిన పుస్తకం మూలలు నలిగాయా, లోపల పెన్సిల్ గీతలున్నాయా, అట్ట మీద పేరుందా చూస్తాం. పాఠం చెప్పని పేజీ ఒకటి తీసి చదవమంటాం, తప్పు చదివితే ఏమీ అనం. టీచరును మాత్రం ఒక్కటి అడుగుతాం, కరదీపికలో పోయిన వారం చెప్పిన పేజీ చూపించమని. అన్నిటికంటే ఆఖరున రిజిస్టరు. ఏదైనా తక్కువ పడితే అక్కడి నుంచే మండలానికి ఫోన్ చేస్తాం, పది రోజుల్లో మళ్లీ వెళతాం. మళ్లీ వెళ్లడమే ముఖ్యం. ఒక్కసారి వచ్చి పోయేవాళ్లను బడి చాలామందిని చూసింది.

టీచర్ల పేర్లు ఎక్కడా రాయం. మా కాగితం పట్టుకుని ఎవరికైనా మెమో ఇస్తే ఆ రోజుతో ఈ పని మానేస్తామని మొదట్లోనే చెప్పాం. భయపెట్టి తెరిపించిన బీరువా మేం రోడ్డు మలుపు తిరిగేలోపు మళ్లీ మూసుకుంటుంది.

అన్నీ ఫోన్లో ఉన్నాయి కదా, పుస్తకం మీద క్యూఆర్ కోడ్ ఉంది, దీక్షా యాప్‌లో కథలున్నాయి అనేవాళ్లూ ఉన్నారు. ఉన్నాయి, మంచివే. ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను పొద్దున్నే నాన్నతో పనికి పోతుంది. రాత్రి వచ్చేసరికి పిల్ల నిద్రపోయి ఉంటుంది.

చేతికిస్తే చింపేస్తారన్న మాటకు మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఎప్పుడో జవాబు చెప్పింది. చుట్టుపక్కల పల్లెల్లో వాళ్లు నడిపిన ఒక్క గది బళ్లలో, అన్ని తరగతుల పిల్లలూ కలిసే కూర్చుంటారు. వాచకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఒక్కో కార్డుకు ఒక బొమ్మ గుర్తు పెట్టి, నిచ్చెనలాంటి చార్టు గోడకు తగిలించారు. ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడే చూసుకుని, తన కార్డు తనే తెచ్చుకుంటాడు. ఆ పద్ధతిని చూసే తమిళనాడు తన ప్రాథమిక బడుల్లో కార్యాచరణ చదువు తెచ్చుకుంది. మన ఉమ్మడి జిల్లా గడ్డ మీద పుట్టిన పని అది. అక్కడ కార్డులు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటాయి. పాడైన కార్డు బదులు ఇంకో కార్డు పెడతారు. మన బడుల్లో కూడా రిజిస్టరులో "వాడకంలో చిరిగినవి" అని ఒక గడి గీసి, ఏడాదికి ఇన్ని చిరగొచ్చని రాతపూర్వకంగా చెబితే, రికవరీ భయం సగం పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక సర్క్యులర్ చాలు.

నవంబరులో ఆ బడికి మళ్లీ వెళ్లాను. ముసురు పట్టి వరండా అంతా తడిగా ఉంది, పిల్లలందరూ ఒకే గదిలో ఉన్నారు. కిటికీ ఊచల నుంచి గోడ మేకు దాకా నవారు తాడు కట్టి, పుస్తకాలన్నీ దాని మీద బట్టలు ఆరేసినట్టు వేలాడదీశారు. కరదీపిక జిరాక్సు కాపీ టేబుల్ మీద ఉంది, పాత టీచరమ్మకు ఫోన్ చేసి తెప్పించుకున్నారట. కప్ప పుస్తకం తీసి చూశాను. మధ్య పేజీ అడ్డంగా చినిగింది. చినిగిన చోట అన్నం మెతుకులు పెట్టి అతికించారు, ఎండిపోయి గట్టిగా చేతికి తగులుతున్నాయి.

"ఎవర్రా అతికించింది?" అని అడిగాను.

"నేనే మేడమ్. చింపింది వాడు" అని ఒక పాప పక్కవాణ్ణి చూపించింది.

హెడ్మాస్టరు గారు నేను అడక్కముందే స్టాక్ రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. 45 అన్న అంకె పక్కన స్కేలుతో ఒక గడి గీసి ఉంది. అందులో ఆయన చేతిరాత: "వాడకంలో చిరిగినవి, 6."